ఆ జపాను పిల్ల గొంతు

మొదటిసారి ఆ పాట విన్నప్పుడు నాకు చిరాకు పుట్టింది. బెల్లం యార్డులో పని దిగి ఇంటికొచ్చి గుమ్మం ముందు కాళ్లు కడుక్కుంటున్నాను. ఒళ్లంతా బెల్లం జిగురు, దాని మీద దుమ్ము. లోపల నా కూతురు పాటల సెట్టు పెట్టుకుని కూర్చుంది. ముందు ఎవరో మట్టికుండ మీద వేళ్లతో కొట్టినట్టు చప్పుడు. తరువాత ఒక మగ గొంతు. అది పాడటం కాదు, యార్డులో వేలం వేసే మనిషి గబగబా ధరలు చెప్పుకుంటూ పోయినట్టు మాట్లాడటం. అతను ఊపిరి తీసుకునేలోగా ఒక ఆడపిల్ల ఎత్తుకుంది. సూదిలోకి దారం ఎక్కించేటప్పుడు కళ్లు చికిలిస్తామే, ఆ గొంతు వింటే నాకు మొహమంతా అలా అయింది.

“ఏటే ఆ గోల?” అన్నాను.

“జపాను పాటమ్మా.”

“నీకు జపాను మాట వచ్చేటి?”

“రాదు.”

“రాని మాట ఎందుకే ఇంటన్నావు?”

“నాలుగు సార్లు ఇను, నీకే తెలుత్తాది,” అంది నవ్వుతూ.

నాలుగు సార్లు కాదు, ఆ తరువాత కొన్ని వందల సార్లు విన్నాను. ఆ పాట సంగతే చెబుతున్నాను. నాకు చదువు లేదు. సంతకం నేర్చుకున్నాను, బైబిల్లో పెద్ద అక్షరాలైతే కూడబలుక్కుంటాను, అంతే. నేను నోటితో చెబుతుంటే రాసేవారు రాస్తున్నారు. ఎక్కడైనా మాట మోటుగా ఉంటే అది నాదే, తీసెయ్యొద్దని చెప్పాను.

అప్పటికి నా కూతురికి ఇరవై ఏళ్లు. ఒక్కతే బిడ్డ. ఇంటర్ చదివి అనకాపల్లి మెయిన్ రోడ్డులో ఒక ఇంటర్నెట్ సెంటర్లో పనికి చేరింది. వచ్చినవాళ్లని కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టడం, టైము చూడటం, అడిగినవాళ్లకి సీడీల మీదకి పాటలు ఎక్కించడం. ఒక సీడీ గీతలు పడి అమ్మకానికి పనికిరాదని ఓనరు పక్కన పడేస్తే ఇంటికి తెచ్చుకుంది. అందులో అన్నీ సినిమా పాటలే, ఈ ఒక్కటి తప్ప. దీనికి పేరు కూడా లేదు, పేరు ఉండాల్సిన చోట కంప్యూటర్లో ప్రశ్న గుర్తులు కనిపించాయట. అది మొండిది. వెతికి వెతికి కనుక్కుంది. ఆ మాట్లాడే కుర్రాడిది ఏదో పాటల జట్టు అట, ఆ పిల్ల వేరే, ఒక్కతే పాడుతుందట. ఒకరి దారి ఒకరిది కాదు. ఈ ఒక్క పాటకే ఇద్దరూ కలిశారట.

మా సంఘంలో ఇళ్లల్లో సినిమా పాటలు పెట్టనివ్వరు. అసలు ఆ సెట్టే చర్చిది. కొత్తది కొన్నాక పాతదాన్ని, విధవరాలి ఇల్లు, ప్రార్థన పాటలు వినుకుంటారు అని మాకు ఇచ్చారు. కాబట్టి నా కూతురు ఆ సీడీలో తక్కిన పాటల జోలికి పోకుండా ఈ ఒక్కదాన్నే తిప్పి తిప్పి పెట్టుకునేది. ఒకరోజు పాస్టరమ్మగారు పలకరింపుకి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు.

“ఏం పాటమ్మా అది?”

“జపాను పాటండి. సినిమాది కాదండి,” అంది నా కూతురు.

“దేవుడిదా?”

“తెలీదండి.”

పాస్టరమ్మగారు కాసేపు ఆలోచించారు. అర్థం తెలియనప్పుడు పాపం కూడా అంతగా అంటదులే అని, చిన్నగా పెట్టుకోమని చెప్పి లోపలికొచ్చి కూర్చున్నారు. ఆవిడ మంచిది. వెళ్లేటప్పుడు మాత్రం, ఆ కుర్రాడు ఎందుకు అంత తొందరపడుతున్నాడు అని అడిగారు.

ఇంకో రెండు నెలలకి నా కూతురికి దగ్గుతో రక్తం పడింది.

అది రెండోసారి. మొదటిసారి టీబీ వచ్చినప్పుడు ఆరు నెలలు ఒక్కరోజు మానకుండా మందులు మింగించాను. తగ్గింది. ఏడాది గడిచింది. మళ్లీ వచ్చింది. ఆ జబ్బు మా ఇంటికి నా భర్త తెచ్చాడు. ఆయన కూడా యార్డులోనే కళాసీ, బెల్లం దిమ్మలు లారీలకి ఎక్కించేవాడు. దగ్గు మొదలైతే ప్రభుత్వం మందులు ఇచ్చారు. రెండు నెలలు మింగేసరికి దగ్గు పోయింది, ఒళ్లు తేరింది, మందులు చేదంటూ డబ్బా పక్కన పెట్టాడు. ఆ రోజు నేను అడిగాను, మానేస్తావా అని. “బాగానే ఉన్నాను కదే, ఇంకెందుకు?” అన్నాడు. “నీ ఇట్టం,” అన్నాను నేను. ఆ మాట అన్న నోరు ఇదే. ఎనిమిది నెలల తరువాత పోయాడు. పోయేటప్పుడు మంచం మీద మనిషి ఉన్నాడంటే నమ్మేవారు కాదు, దుప్పటి మడత పెట్టి ఉంచినట్టు ఉన్నాడు. నా కూతురు అప్పుడు తొమ్మిదో తరగతి.

అందుకని రెండోసారి జబ్బు తిరగబెట్టగానే నాకు నేను ఒకటే చెప్పుకున్నాను. ఈసారి మా ఇంట్లో ఎవరి ఇష్టమూ లేదు. ఒక్క గోళీ, ఒక్క సూది తప్పకూడదు.

తిరగబెట్టినవాళ్లకి మందుల డబ్బా వేరు. మనిషి పేరు రాసి ఉంటుంది, అందులో ఇంజెక్షన్ సీసాలు కూడా ఉంటాయి. సోమవారం, బుధవారం, శుక్రవారం. మందులిచ్చే సెంటరుకి వెళ్లాలి, అక్కడ సిస్టరమ్మ ఎదుటే గోళీలు మింగాలి, తుంటికి సూది వేయించుకోవాలి, కార్డు మీద గడిలో టిక్కు పెట్టించుకోవాలి. ఇరవై నాలుగు సూదులు, రెండు నెలలు. మొదటి రోజు నా కూతురు బయట బెంచీ మీద దగ్గుతూ కూర్చుంటే సిస్టరమ్మ నన్ను లోపలికి పిలిచి చెప్పింది. ఈ సూది కొందరికి చెవుల మీద పనిచేస్తుంది, గుయ్యిమన్నా, వినికిడి తగ్గినా వెంటనే చెప్పండి, ఆపి వేరే మందు చూస్తాం అంది. నేను తల ఊపాను. బయటికొచ్చి ఆ మాట నా కూతురికి చెప్పలేదు. చెబితే భయపడుతుందని. భయపడితే సెంటరుకి రాదని.

ఇంటర్నెట్ సెంటర్లో పని పోయింది. ఊళ్లో జ్వరమని చెప్పాం. టీబీ అంటే సందులో పిల్లల్ని మా గుమ్మం ముందు ఆడనివ్వరు, మంచినీళ్ల కొళాయి దగ్గర బిందె తగలనివ్వరు. పగలంతా అది ఒక్కతే ఇంట్లో. నేను యార్డుకి పోయేదాన్ని, దిమ్మలు వరస పేర్చడం, ఊడవడం. సాయంత్రం వచ్చేసరికి అదే పాట.

ఆ రోజుల్లోనే ఆ పాట నాకు పట్టుకుంది. ఎప్పుడు పట్టుకుందో చెప్పలేను. ఒకరోజు యార్డులో దిమ్మలు సర్దుతూ నాకు తెలియకుండా కూనిరాగం తీస్తున్నానట. మాటలు నాకేం తెలుసు, ఊఁ అనీ నా అనీ ఏదో గొణుగుతున్నాను. నా గొంతు బొంగురు. చిన్నప్పుడు కోటవురట్ల వైపు గానుగల దగ్గర బెల్లం పెనం పొగ మింగి మింగి అలా అయిపోయింది. పక్కన పనిచేసే ఆవిడ చీపురు ఆపి, “ఏ ఊరి కీర్తనే అది? కప్ప గొంతుతో కూడా పాడొచ్చేటి?” అంది. జపాను కీర్తన అన్నాను. ఆ రోజంతా నన్ను జపానమ్మా అని పిలిచారు.

ఆ పాట చివర్లో ఒకచోట ఉంది. అంతదాకా అతని ముక్క అతను, ఆమె ముక్క ఆమె. చివరికొచ్చాక అతను మాట్లాడటం మానేసి కింద స్వరంలో మెల్లగా పాడతాడు, ఆ పిల్ల పైపైకి వెళుతుంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోకుండా ఒకే గదిలో ఉన్నట్టు ఉంటుంది. ఎంతోసేపు ఉండదు. నేను కూర వండుతూ అక్కడికి వచ్చేసరికి గరిటె ఆపేసేదాన్ని. నా కూతురు అది చూసి నవ్వేది. ఆ నెలల్లో అది నవ్వింది అప్పుడే.

రెండో నెలలో ఒకరోజు, చెవిలో కీచురాయి అరుస్తోందమ్మా అంది. గోళీలు వేడి చేస్తాయి, మజ్జిగ తాగు అన్నాను. సిస్టరమ్మ మాట గుర్తు రాలేదా అంటే, వచ్చింది. నీరసానికి కూడా చెవులు గుయ్యిమంటాయి కదా అనుకున్నాను. అనుకోవాలనుకుంటే మనిషి ఏదైనా అనుకుంటుంది.

తరువాత వారానికి అంది, “సెట్టు పాడైనట్టుందమ్మా. ఆ పిల్ల గొంతు సరిగ్గా రావట్లేదు.”

నేను దగ్గర కూర్చుని విన్నాను. నాకు వస్తోంది. ఎప్పటిలాగే సూదిలా వస్తోంది. అదే మాట చెప్పాను. “నువ్వు సరిగ్గా ఇను. కుర్రాడు బాగానే ఉన్నాడు, ఆ పిల్ల ఎక్కడో దూరంగా ఉంది,” అంది.

ఇక్కడ నేను చేసిన తప్పు ఎవరికి చెప్పినా నమ్మరు. నా చెవులు బాగానే చెప్పాయి. నేనే వాటిని నమ్మలేదు. అది చదువుకున్నది, కంప్యూటర్ల దగ్గర పనిచేసింది, పాటలు ఎక్కించడం తెలిసినది. నేను బెల్లం దుమ్ములో బతికినదాన్ని. దానికి తెలిసే తేడా ఏదో నాకు తెలియడం లేదనుకున్నాను. అదే మన కీర్తన అయ్యుంటే నా మాట ఎవరూ కాదనలేరు. కీర్తన ఎలా ఉండాలో నాకు తెలుసు. జపాను పాట ఎలా ఉండాలో నాకెలా తెలుస్తుంది?

పైగా మేమిద్దరం మాట్లాడుకోవడానికి ఏ ఇబ్బందీ లేదు. నేను గుమ్మంలోంచి పిలిస్తే పలికేది. తరువాత ఎప్పుడో చెవుల డాక్టరు చెబితే తెలిసింది, ఆ సూది ముందు సన్నటి గొంతుల్ని తీసుకుపోతుందట, ముతక గొంతులు ఆఖరికి మిగులుతాయట. ఇంట్లో ఉన్నది నా ముతక గొంతు ఒక్కటే. నా గొంతే మమ్మల్ని మోసం చేసింది.

సెట్టుని గుడ్డలో మూటకట్టి రేడియో మెకానిక్ దగ్గరికి పట్టుకెళ్లాను. వరసకి తమ్ముడిలాంటివాడు, నన్ను అప్పా అంటాడు, అంటే అక్కా అని. సీడీ పెట్టి విన్నాడు. ఇద్దరు గిరాకీలు కూడా విన్నారు.

“ఆడమనిసి గొంతు వత్తన్నాది కదప్పా.”

“నాకూ వత్తన్నాది. మా అమ్మాయికి తేడాగా ఉందంట.”

“జపానోలు ఇలాగే పాడతారేమో.”

“అది రోజూ ఇంటాది కదరా. దానికి తెల్దా?”

గిరాకీల్లో ఒకడు సన్నగొంతు నిజంగానే కొంచెం చీలినట్టుందన్నాడు. ఇంకొకడు అవునన్నాడు. అడిగేదాకా ఎవరికీ లేని అనుమానం అడిగాక అందరికీ వచ్చింది. మెకానిక్ తల గోక్కుని, స్పీకర్లు పాతవి, మార్చి చూద్దాం, విశాఖ నుంచి తెప్పించాలి అన్నాడు. సరే అన్నాను. బిడ్డ చెవులు పోతుంటే డబ్బా స్పీకర్లు మార్పించడానికి ఇచ్చి వచ్చాను. ఆ రోజు నా మనసు తేలిగ్గా ఉంది కూడా, ఒక పని చేశానని.

సెట్టు పది పన్నెండు రోజులు అక్కడే ఉంది. ఈలోగా రెండు నెలలు నిండాయి, కళ్లె పరీక్ష చేశారు. పురుగు ఇంకా ఉందన్నారు. ఇంకో నెల సూదులు, పన్నెండు. కార్డు మీద కొత్త గడులు గీశారు. నా కూతురు ఆ గడుల వైపు ఒకసారి చూసింది. తుంటి మీద సూది వేసే చోటు గట్టిపడి గోళీకాయలా తగిలేది, ఒక పక్కకే ఒత్తిగిలి పడుకునేది. ఇంటికొచ్చాక గోడవైపు తిరిగి పడుకుంది.

ఆ పన్నెండులో మూడు అయ్యాక సెట్టు తెచ్చాను. కొత్త స్పీకర్లు. సాయంత్రం అన్నం తినకముందే పెట్టుకుంది. నేను దాని మొహమే చూస్తున్నాను. కుండ మీద చప్పుడు వచ్చింది, నవ్వింది. కుర్రాడు మాట్లాడాడు, పెదాలు కదిపింది. తరువాత ఆ పిల్ల ఎత్తుకుంది. ఇల్లంతా ఆ గొంతే. స్పీకర్లు కొత్తవి కదా, ముందుకన్నా గట్టిగా ఉంది. నా కూతురు మొహంలో నవ్వు ఆగిపోయింది. వంగి సెట్టుని అరచేత్తో తట్టింది. పాట ఆగిందేమో అని తట్టింది. ఆ పిల్ల పాడుతూనే ఉంది.

సెట్టు ఆపి అన్నం పెట్టాను. అది తింటుంటే వెనక నిలబడి తాళం చెవుల గుత్తి ఆడించాను. తిరగలేదు. ఇంకా దగ్గరగా, చెవి పక్కనే ఆడించాను. పప్పు కలుపుకుంటోంది. “ఒలే,” అన్నాను మెల్లగా. “ఊఁ?” అని తిరిగింది.

ఆ పూట ఏం చేయాలో నాకు తెలుసు. చాలా సులువు. తెల్లారి సెంటరుకి వెళ్లి సిస్టరమ్మతో ఒక్క మాట చెప్పాలి. చెబితే సూది ఆపుతారు. ఆపి ఏదో వేరే మందు చూస్తామంది. ఆ వేరే మందు ఏమిటో ఎవరికి తెలుసు? పురుగు ఇంకా ఉందని నాలుగు రోజుల క్రితమే చెప్పారు. మధ్యలో ఆపిన మందు ఏం చేస్తుందో నేను చూశాను. మంచం మీద మడతపెట్టిన దుప్పటి చూశాను. కార్డు తీసి వేలు పెట్టి లెక్కపెట్టాను. ఖాళీ గడులు తొమ్మిది ఉన్నాయి. తొమ్మిది సూదులు.

అడగొచ్చు. పక్కనే ఉంది. ఇరవై ఏళ్ల పిల్ల, నాకన్నా తెలివైనది. ఊపిరితిత్తులు కావాలా, చెవులు కావాలా అని అడగొచ్చు. అది ఏమంటుందో అని భయం. దాని తండ్రిని అడిగాను కదా ఒకసారి.

మర్నాడు సెట్టుని మళ్లీ మూటకట్టాను. ఇంకా బాగవలేదు, ఆ మెకానిక్‌కి ఏమీ రాదు, మళ్లీ ఇచ్చేస్తాను అన్నాను. “అవునమ్మా, ఇంకా ఎక్కువ పాడైంది,” అంది నా కూతురు, ఆ పిచ్చిది. మెకానిక్ కొత్త స్పీకర్లని తిప్పి తిప్పి చూసి, దీనికేం రోగం అప్పా అన్నాడు. ఏం లేదు, మూడు వారాలు నీ దగ్గర ఉంచు, మా అమ్మాయి వచ్చి అడిగితే సామాను రాలేదని చెప్పు అన్నాను. వాడు నా మొహం చూశాడు. ఎందుకని అడగలేదు. పాటల పిచ్చి వదిలించడానికి అనుకుని ఉంటాడు. సంఘం వాళ్లం కదా.

మొదటిసారి తెలియక చేశాను. రెండోసారి తెలిసి చేశాను. తెలియనిదానికీ తెలిసినదానికీ మధ్య ఒక్క రాత్రే ఉంది.

తొమ్మిది సూదులూ నేనే దగ్గరుండి వేయించాను. యార్డులో సగం పూట మానేసి వెళ్లేదాన్ని. నేను లేకుండా సిస్టరమ్మతో అది మాట్లాడకూడదు. ఆవిడ గొంతు సన్నం. ప్రతిసారీ అడిగేది, ఏమైనా ఇబ్బందా అని. నేను జవాబు చెప్పేదాన్ని. ఒక శుక్రవారం ఆవిడ నన్ను దాటి దాన్నే అడిగింది, “చెవులు ఎలా ఉన్నాయమ్మా?” నా కూతురు నవ్వి తల ఊపింది. ఆ మధ్య అది అలవాటైంది దానికి, సందులో ఎవరేం మాట్లాడినా నవ్వి తల ఊపడం. “ఏటీ నేదమ్మా, నీరసమే,” అన్నాను నేను. సిస్టరమ్మ టిక్కు పెట్టింది. బయటికొచ్చాక నా కూతురు అడిగింది, “ఆవిడ ఏటందమ్మా?”

“బాగా తినమంది.”

ఆఖరి సూది తరువాత కళ్లె పరీక్షలో పురుగు లేదన్నారు. గోళీలు ఇంకా ఐదు నెలలు, అవీ అయ్యాయి. దగ్గు పోయింది, బుగ్గలు వచ్చాయి. కానీ అంతదాకా దాచగలిగేది కాదు కదా. గోళీల మొదటి నెలలోనే ఒక ఆదివారం చర్చికి తీసుకెళ్లాను, చాలా రోజుల తరువాత. స్త్రీల సమాజం వాళ్లు లేచి పాట పాడారు. ఎనిమిది మంది ఆడవాళ్లు, ముందు వరసలో పాస్టరమ్మగారు. హార్మోనియం కింద మెట్లు వాయిస్తున్నారు. నా కూతురు వాళ్లనే చూస్తోంది, ముందుకు వంగి, కనుబొమలు ముడేసి. తరువాత నా మోచెయ్యి పట్టుకుంది. గుసగుసగా అనుకుంది కానీ గట్టిగానే వచ్చింది మాట, ముందు వరసలో తలలు తిరిగాయి.

“అమ్మా, ఆళ్లు పాడతన్నారా?”

నేను అవునన్నాను. అది నా చెయ్యి వదిలేసి ఒళ్లో చేతులు పెట్టుకుని పాట అయ్యేదాకా వాళ్ల నోళ్లు చూసింది. ఆ తరువాత సెట్టు సంగతి ఎత్తలేదు.

విశాఖలో చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను. అద్దాల గదిలో కూర్చోబెట్టి చెవులకి డిప్పలు పెట్టి చేతికి ఒక మీట ఇచ్చారు, చప్పుడు వినబడితే నొక్కమని. నేను అద్దంలోంచి చూస్తున్నాను. ముందు నొక్కుతూ ఉంది. తరువాత బొటనవేలు మీట మీదే పెట్టుకుని కూర్చుంది, ఎంతసేపో. కాగితం మీద గీత గీసి చూపించారు. కొంత దూరం బాగానే వెళ్లి గోడ మీద నుంచి పడినట్టు పడిపోయింది. డాక్టరు పెద్దమనిషి, కోపం లేని మనిషి. పోయినది రాదన్నాడు. ఉన్నదాన్ని కాపాడుకోండి అన్నాడు. తరువాత నన్ను అడిగాడు, ఇది ఎప్పటి నుంచి అని.

ఈ నాలుగు రోజుల నుంచే అని చెప్పాలని బయల్దేరినప్పుడే అనుకున్నాను. నా కూతురు పక్క కుర్చీలో ఉంది. నా గొంతు దానికి వినబడుతుందని నాకు తెలుసు. ప్రపంచంలో ఆడ గొంతు ఏదైనా దానికి స్పష్టంగా వినబడుతుందంటే అది నాదే. ఆ గొంతుతో ఇంకో అబద్ధం పలకలేకపోయాను. కీచురాయి సంగతి చెప్పాను. స్పీకర్ల సంగతి చెప్పాను. తాళం చెవుల గుత్తి సంగతి చెప్పాను, కార్డు మీద గడుల సంగతి చెప్పాను. డాక్టరు రాయడం ఆపేశాడు. అప్పుడే ఆపి ఉంటే అని మొదలుపెట్టి, నా కూతురి వైపు చూసి, సగంలో మానేశాడు.

బస్సు సబ్బవరం మీదుగా వచ్చింది. కిటికీ పక్కన అది, ఇటు నేను. అక్కడ బస్సు ఆగితే, జామకాయలు అమ్మే ఆవిడ కిటికీ దగ్గరికొచ్చి ఏదో అరుస్తోంది. నా కూతురు ఆవిడ నోరు చూసి, వద్దని చెయ్యి ఊపింది. బస్సు కదిలాక కిటికీ వైపే చూస్తూ అడిగింది.

“అప్పటికి ఎన్ని మిగిలేయి?”

“తొమ్మిది.”

“తొమ్మిదిట్లో ఒక్కసారైనా నన్నడగొచ్చు కదమ్మా.”

“అడిగితే ఏటందువు?”

అది నా వైపు తిరిగింది. కోపం కూడా లేదు ఆ మొహంలో. “అది నాకు ఇప్పుడెలా తెలుత్తాది?” అంది.

నేను క్షమించమని అడగలేదు. ఎందుకంటే మళ్లీ ఆ తొమ్మిది గడులూ నా ముందు పెడితే నేను మళ్లీ అదే చేస్తాను. మా పాస్టరుగారికి కూడా ఈ మాట చెప్పాను. పశ్చాత్తాపం లేని ఒప్పుకోలు ఒప్పుకోలు కాదన్నారు. కాకపోతే కాకపోయింది. బిడ్డ బతికుంది. పొద్దున్న లేచి జడ వేసుకుంటుంది, పొయ్యి మీద ఎసరు పెడుతుంది. అన్నం ఉడుకుతుంటే మూత ఎగరడం చూసి దించుతుంది, కుక్కరు వాడదు, కూత వినబడదు కనుక. ఇప్పుడు ఒక జిరాక్సు కొట్లో పనిచేస్తోంది. ఆడవాళ్లు వస్తే ఎన్ని కాపీలో వేళ్లతో చూపించమంటుంది. పెళ్లి మాట తెచ్చినవాళ్లు రెండుసార్లు వచ్చి వెళ్లారు, మూడోసారి రాలేదు.

సెట్టుని మెకానిక్ దగ్గర నుంచి అదే వెళ్లి తెచ్చుకుంది. వాడు ఏం చెప్పాడో, అది ఏం అడిగిందో నాకు తెలియదు. సెట్టుని గూట్లో పెట్టి చాలా నెలలు ముట్టుకోలేదు. తరువాత ఒక ఆదివారం మధ్యాహ్నం, బట్టలు మడత పెడుతూ, నన్నేమీ అడక్కుండా వెళ్లి ఆ పాట పెట్టింది.

ఇప్పుడు అప్పుడప్పుడు పెడుతుంది. కుర్రాడు మాట్లాడుతున్నంతసేపూ తల కొద్దిగా ఊపుతుంది. అతను ఆపి ఆ పిల్ల ఎత్తుకోగానే, నా కూతురు బొటనవేలితో వేళ్ల కణుపులు లెక్కపెట్టుకుంటుంది. ఎన్ని కణుపులకి మళ్లీ కుర్రాడి గొంతు వస్తుందో దానికి తెలుసు. ఆ లెక్క ఎప్పుడు నేర్చుకుందో నేను చూడలేదు. ఆ కాసేపూ ఇల్లంతా ఆ పిల్ల పాడుతూ ఉంటుంది, నేనొక్కదాన్నే వింటూ ఉంటాను. ఇప్పుడు ఎక్కడుంది, ఎంత పైకి వెళ్లింది అని అడిగితే చెప్పగలను, నా గొంతు దానికి అందుతుంది.

నన్ను అడగదు. కణుపులు అయ్యేదాకా గోడవైపు చూస్తూ లెక్కపెట్టుకుంటుంది.